ఘాట్‌లో ఆగే బండి, బటన్ నొక్కినా పలకని స్కూటర్

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కడప, ఎర్రముక్కపల్లె. మందుల షాపుల దగ్గర ఆర్డర్లు తీసుకునే పని నాది, వారంలో మూడు నాలుగు రోజులు రాయచోటి పోయి రావాలి. 2012లో కొన్న 125 సీసీ బండి, కార్బొరేటర్‌ది. ఈ మధ్య బాగా సతాయిస్తోంది. పొద్దున చోక్ పెట్టి, రేజ్ ఇస్తూ ఎంత కిక్ కొట్టినా పెట్రోల్ వాసన వస్తుంది గానీ బండి అందుకోదు. పోయిన నెల ఒక ఆదివారం అయితే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, స్టార్ట్ మాత్రం కాలేదు. మావాడికి ఆరేళ్లు, ఆ రోజు పొద్దుటి నుంచీ బండి మీదే ఆడుకుంటున్నాడు, వాడి ముందే తోసుకుంటూ పోవాల్సి వచ్చింది. మెకానిక్ నిమిషంలో స్టార్ట్ చేసి రెండొందలు తీసుకున్నాడు, ఏం చేశాడో చెప్పలేదు. మొన్న ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని పోతుంటే గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతూ ఆగిపోయింది, అరగంట కూర్చున్నాక దానంతట అదే స్టార్ట్ అయింది. అంతకుముందు కూడా ఒకసారి ఇట్లే అయింది. బ్యాటరీ కొత్తది వేశాను, ప్లగ్ మార్చాను, చూడ్డానికి బాగుంటుందని ట్యాంకుకు రెక్సిన్ కవర్ కూడా కుట్టించాను. ఇప్పుడు కార్బొరేటరే మార్చాలంటున్నారు. మా ఆమె స్కూటర్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు, అది కూడా ఒక్కోసారి బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. నా బండి అమ్మేయమంటారా?

జవాబు: అమ్మొద్దు. పెట్రోల్‌నూ గాలినీ కలిపి ఇంజన్‌కు పంపే ఆ కార్బొరేటర్ కూడా ఇప్పుడే మార్చొద్దు. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీరు అడిగిన వాటికి జవాబులు చాలావరకు అందులోనే ఉన్నాయి, మీరే రాసి మీరే దాటిపోయారు. పిల్లోడి ఆట, ఫుల్ ట్యాంక్, రెక్సిన్ కవర్, పెట్రోల్ వాసన, ఈ నాలుగూ ఊరికే రాసిన మాటలు అనుకున్నారు కదా, అసలు సంగతులు అవే.

ముందు ఒకటి చెప్పాలి. "బండి స్టార్ట్ కావడం లేదు" అని షాపులో చెబితే మెకానిక్‌కు ఏమీ తెలియదు, జ్వరం వచ్చింది అంటే డాక్టర్‌కు ఎంత తెలుస్తుందో అంతే. బటన్ నొక్కినా అసలేమీ కదలకపోవడం వేరు, సెల్ఫ్ తిరుగుతూ కూడా ఇంజన్ అందుకోకపోవడం వేరు, అందుకుని కొంత దూరం నడిచి ఆగిపోవడం వేరు. మొదటిది దాదాపు ఎప్పుడూ కరెంటు సంగతే, అంటే బ్యాటరీ, వైర్లు, స్విచ్చులు. రెండోది ప్లగ్ దగ్గర నిప్పు అయినా పడక, లేదా పెట్రోల్ తక్కువో ఎక్కువో అయి వచ్చేది. మూడోదానికి చాలాసార్లు పెట్రోల్ దారి, కొన్నిసార్లు వేడి. మీ బండికి వచ్చినవి రెండోదీ మూడోదీ, మీరు కొన్నది మొదటిదానికి మందు. సెల్ఫ్ గిర్రున తిరుగుతున్న బండికి బ్యాటరీ ఎందుకు మార్పించారో, ఆ మాట ఎవరు చెప్పారో గానీ, పాత బ్యాటరీ షాపులోనే వదిలేసి రాకుండా ఉంటే ఇంటికి తెచ్చి ఛార్జింగ్ పెట్టించి చూడండి, అది ఇంకా బాగానే ఉండొచ్చు.

ఆదివారం సంగతి ముందు తేల్చేద్దాం, అది చిన్నది. కుడి చేతి వైపు, సెల్ఫ్ బటన్‌కు పైన ఎర్రటి స్విచ్ ఉంటుంది చూడండి, ఇంజన్ ఆపే స్విచ్. కిందపడినప్పుడో ఎక్సలేటర్ ఇరుక్కున్నప్పుడో తాళం వెతుక్కోకుండా బొటనవేలితో ఇంజన్ ఆపడానికి పెట్టింది. పిల్లలకు బండి మీద కూర్చుంటే చేతికి అందేదీ, ఎర్రగా ఉండేదీ, టక్కున కదిలేదీ అదొక్కటే, ఇంక ఊరుకుంటారా. కొన్ని బళ్లలో అది ఆఫ్‌లో ఉంటే సెల్ఫ్ కూడా తిరగదు, అప్పుడు మనిషికి కాస్త అనుమానం వస్తుంది. కొన్నింట్లో మాత్రం సెల్ఫ్ తిరుగుతుంది, హారన్ మోగుతుంది, ఇండికేటర్లు వెలుగుతాయి, ప్లగ్‌కు మాత్రం కరెంటు పోదు, ఇక రోజంతా కొట్టినా అంతే. మీరు రాసిన లక్షణాలు దీనికి అచ్చంగా సరిపోతున్నాయి, మెకానిక్ నిమిషంలో స్టార్ట్ చేశాడంటే నా అనుమానం నూటికి తొంభై పాళ్లు ఆ స్విచ్ మీదే. ఏ నట్టూ విప్పకుండా నిమిషంలో అయ్యే పని ఇంకేముంది?

పిల్లోణ్ణి తిట్టకండి. ఆస్పత్రి పార్కింగులో, బస్టాండు స్టాండులో, పెళ్లి మండపం బయట బళ్లు అటూ ఇటూ జరిపే వాళ్ల చెయ్యి తగిలి కూడా ఇది ఆఫ్ అవుతుంది. ఇంకో మాట, పన్నెండేళ్లు దాటిన బండి కదా, ఆ స్విచ్ లోపల దుమ్ము పట్టి, ఆన్‌లో ఉన్నట్టు కనబడినా లోపల సరిగా అతుక్కోకపోవచ్చు. అనుమానంగా ఉంటే పదిసార్లు అటూ ఇటూ నొక్కి మళ్లీ స్టార్ట్ చేయండి. అట్లా నొక్కాక అందుకుంటే స్విచ్ విప్పించి శుభ్రం చేయించండి, కొత్తది అక్కర్లేదు.

అట్లాంటిదే ఇంకో పిల్లల ఆట ఉంది, పెట్రోల్ ట్యాప్. ట్యాంక్ కింద ఎడమవైపు ఉండే ఆ చిన్న పిడి ఆఫ్‌లో ఉన్నా బండి స్టార్ట్ అవుతుంది, కార్బొరేటర్ గిన్నెలో మిగిలిన పెట్రోల్‌తో వీధి చివరిదాకో, కొంచెం ముందుకో పోయి ఆగిపోతుంది, జనం బంకుకు ఫోన్లు చేస్తుంటారు. దీనికంటే పెద్ద తప్పు ఎప్పుడో రిజర్వ్‌లో పడినప్పుడు తిప్పి, పెట్రోల్ కొట్టించాక మళ్లీ ఆన్‌కు తిప్పకపోవడం. రిజర్వ్ అనేది వేరే ట్యాంకేమీ కాదు, అదే ట్యాంకులో అడుగున లీటరు, లీటరున్నర పెట్రోల్‌ను విడిగా ఆపి ఉంచే పొడుగు గొట్టం తెలివి, అంతే. పిడి ఎప్పుడూ రిజర్వ్‌లోనే ఉంటే హెచ్చరిక అనేదే లేకుండా బండి ఒకేసారి ఖాళీ అవుతుంది, అదీ ఏ రామాపురం దాటాకనో అవుతుంది.

ఇప్పుడు పొద్దుటి అగచాట్లు. మీరు చేస్తున్న పని నాకు కళ్లకు కట్టినట్టుంది, చోక్ పూర్తిగా లాగి, కుడిచేత్తో రేజ్ తిప్పుతూ కిక్ మీద కిక్. చోక్ అంటే గాలి తగ్గించి పెట్రోల్ పాలు పెంచేది. చలిలో పెట్రోల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి ఎక్కువ పోస్తే గానీ ఇంజన్ అందుకోదని పెట్టిన ఏర్పాటు. కానీ కడపలో చలి ఎంత? డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తప్పిస్తే ఇక్కడ చోక్ అవసరమే తక్కువ, ఏప్రిల్ మే నెలల్లో అయితే అసలుండదు, ఆ ఎండలకు రాత్రి పన్నెండింటికి కూడా ట్యాంక్ పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. అట్లాంటి ఇంజన్‌కు చోక్ పెట్టి, పైగా రేజ్ కూడా ఇస్తే పెట్రోల్ లోపల ఎక్కువై ప్లగ్ తడిసిపోతుంది. తడిసిన ప్లగ్ మీద నిప్పు పుట్టదు. కొత్త ప్లగ్ వేసినా అంతే, రెండు నిమిషాల్లో దాన్నీ తడిపేస్తారు. వాసన రావడం అంటే బండి మీకు ఆ సంగతే చెబుతోంది.

రేపు పొద్దున ఇట్లా చేయండి. తాళం ఆన్, ఎర్ర స్విచ్ ఆన్, ట్యాప్ ఆన్, న్యూట్రల్. చోక్ ముట్టుకోవద్దు, రేజ్ ముట్టుకోవద్దు. కిక్ దడదడా కొట్టకుండా, మొదట నెమ్మదిగా నొక్కుతూ పోతే ఒకచోట గట్టిగా తగులుతుంది, అక్కడి నుంచి కాలు పూర్తిగా కిందికి దించేట్టు ఒక్క కిక్. నాలుగైదుసార్లకు అందుకోకపోతే అప్పుడు చోక్ లాగి ఒకటి రెండు కిక్కులు, అందుకోగానే చోక్ సగానికి, ఇంజన్ కాస్త వేడెక్కగానే పూర్తిగా వెనక్కి. ఒకవేళ అలవాటు కొద్దీ మళ్లీ ఓవర్‌ఫ్లో చేసేస్తే కంగారు పడకండి. చోక్ తీసేసి, ట్యాప్ ఆఫ్ చేసి, తాళం ఆఫ్‌లోనే ఉంచి, రేజ్ పూర్తిగా తిప్పి పట్టుకుని ఎనిమిది పది కిక్కులు నిదానంగా కొట్టండి, లోపలున్న అదనపు పెట్రోల్ గాలితో పాటు బయటికి పోతుంది. ఓ పది నిమిషాలు టీ తాగి రండి, ఆ తర్వాత తాళం ఆన్ చేసి, ట్యాప్ ఆన్ చేసి మామూలుగా కొట్టండి. సిగరెట్ అలవాటుంటే ఆ పది నిమిషాలూ బండికి దూరంగా కాల్చుకోండి.

చోక్ గురించే ఇంకోటి. చోక్ కేబుల్ తుప్పు పట్టి వెనక్కి పూర్తిగా పోకపోతే, మీరు తీసేశాననుకున్నా అది సగం లాగే ఉంటుంది. అప్పుడు మైలేజీ పడిపోతుంది, సైలెన్సర్ చివర మసి నల్లగా పొడిగా కడుతుంది, ప్లగ్ తీస్తే కాటుక పూసినట్టుంటుంది. మైలేజీ సంగతి మీరు రాయలేదు, ఒకసారి చూసుకోండి. కార్బొరేటర్ దగ్గర ఆ చిన్న పిడి చివరిదాకా వెనక్కి పోతోందా లేదా అన్నది కంటితోనే కనబడుతుంది. "కార్బొరేటర్ పోయింది" అని మార్పించిన బళ్లలో కొన్నింటికి అసలు రోగం ఈ కేబులే.

ఇక ఘాట్. మీ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన భాగం ఇది.

ఆగిన బండి అరగంటకు దానంతట అదే స్టార్ట్ అయిందంటే ఏదీ విరగలేదు, ఏదీ కాలలేదు. ఆ అరగంటలో రెండే జరిగి ఉంటాయి. ఒకటి, ఇంజన్ చల్లారింది. రెండు, ట్యాంకులోకి గాలి పోయింది. ఈ రెండో సంగతి చాలామందికి తట్టదు. పెట్రోల్ కిందికి దిగాలంటే దాని చోట్లోకి పైనుంచి గాలి రావాలి, నూనె డబ్బాకు ఒకవైపే బొక్క పెడితే నూనె గుటకలు గుటకలుగా వచ్చి ఆగిపోతుంది, రెండో బొక్క పెడితేనే ధార కడుతుంది చూడండి, అంతే ఇది. మీ ట్యాంకుకు ఆ రెండో బొక్క మూతలోనే ఉంటుంది, సన్నటి దారి. అది మూసుకుపోతే పెట్రోల్ కొంత దిగాక ట్యాంక్ లోపల గాలి పల్చబడి, ఇక దిగనని మొండికేస్తుంది. సాఫీ రోడ్డులో నెమ్మదిగా పోతుంటే ఎట్లో సరిపెట్టుకుంటుంది గానీ, ఘాట్‌లో రెండో గేరు మూడో గేరులో రేజ్ పెంచి ఎక్కుతుంటే పెట్రోల్ బాగా కావాలి, అక్కడ దొరికిపోతుంది. ఫుల్ ట్యాంక్ అయితే ఇంకా తొందరగా, ఎందుకంటే పెట్రోల్ పైన గాలికి ఉండే చోటే తక్కువ, కొంచెం దిగినా ఆ కొద్దిపాటి గాలి వెంటనే పల్చబడిపోతుంది.

ఇప్పుడు మీరు కుట్టించిన రెక్సిన్ కవర్ గుర్తు తెచ్చుకోండి. మూత మీద కూడా ఒక ముక్క కప్పి, బటన్‌తోనో వెల్క్రోతోనో అతికించేట్టు కుట్టి ఉంటారు, కింద స్పాంజి కూడా ఉంటుంది. ఆ ముక్క మూత మీద బిగుతుగా కూర్చుంటే గాలి దారి మూసుకుపోవచ్చు. దాని కింద చేరే ఎర్ర దుమ్మూ, చెమటా, వానా కలిసి ముద్దగా మారి మూత బొక్కలోకే దిగుతాయి. మొదటిసారి ఘాట్‌లో ఆగింది కవర్ వేయించాకనా, ముందా అన్నది మీరు రాయలేదు, మీకే తెలుస్తుంది.

పరీక్ష చాలా సులభం. ఈసారి ఆగితే బండిని ముందు మలుపులో నుంచి తప్పించి రోడ్డు అంచుకు తీసుకోండి, ఆ ఘాట్‌లో దిగే లారీల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కవర్ ముక్క ఎత్తి, చెవి దగ్గరగా పెట్టుకుని మూత తెరవండి. "స్స్" అని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. మూత వదులుగా ఉంచి ఒక నిమిషం ఆగితే కార్బొరేటర్ నిండుతుంది, అప్పుడు కొట్టండి, అరగంట అక్కర్లేకుండా అందుకుంటుంది. తర్వాత మూత బిగించి గువ్వలచెరువు దాకా పోండి, పాలకోవా తిని, కవర్ ఊడదీసి డిక్కీలో పడేసి రాయచోటి పోండి. ఇంటికొచ్చాక మూత కిందివైపు కొంచెం పెట్రోల్‌తో కడిగి గాలి కొట్టించండి, పంచర్ షాపులో కొడతారు. సన్నగా ఉంది కదా అని తీగ పెట్టి పొడవొద్దు, కొన్ని మూతల్లో లోపల చిన్న వాల్వు ఉంటుంది, బండి పడినప్పుడు పెట్రోల్ కారకుండా పెట్టింది, అది చెడిపోతుంది.

ట్యాంక్ మెడ దాకా కొట్టించడం కూడా మానుకోండి. పెట్రోల్ వేడికి బాగానే ఉబ్బుతుంది, 11 లీటర్ల ట్యాంకులో నేలకింద నుంచి వచ్చిన పెట్రోల్ ఎండలో ఒక 15 డిగ్రీలు వేడెక్కిందంటే దాదాపు 150 మిల్లీలీటర్లు పెరుగుతుంది, అది పోవడానికి చోటు కావాలి. మీ ఆమె స్కూటర్ లాంటి కొత్త బళ్లలో అయితే ట్యాంక్ ఆవిరిని పట్టుకునే బొగ్గు డబ్బా ఒకటి ఉంటుంది, మరీ నిండుగా పోస్తే పెట్రోల్ దాంట్లోకి పోయి స్టార్టింగు దగ్గరే ఇబ్బంది పెడుతుంది. బంకులో "ఇంకో యాభై రూపాయలకు రౌండ్ చేయనా సార్" అంటే వద్దనండి.

మూత తెరిచినా చప్పుడు రాలేదు, బండీ అందుకోలేదు, చల్లారాకే స్టార్ట్ అయింది అంటే మాత్రం ఇది వేడి సంగతి, మూతది కాదు. అప్పుడు ఆగిన చోటే కిక్ చేత్తో నొక్కి చూడండి. మామూలుగా ఉండే బిగువు లేకుండా లూజుగా పోతుంటే టాపెట్లు, అంటే వాల్వుల దగ్గర సందు సరిచేసే స్క్రూలు, మరీ టైటుగా ఉన్నాయేమో, వేడెక్కాక వాల్వులు పూర్తిగా మూసుకోక ఇంజన్ లోపల గాలి నొక్కుడు, అదే కంప్రెషన్, తప్పుతుంది. దానికి చల్లారిన ఇంజన్ మీద టాపెట్ సెట్టింగు చేయిస్తే చాలు, పెద్ద ఖర్చు కాదు. కిక్ బిగువుగానే ఉండి అందుకోకపోతే ప్లగ్ దగ్గర నిప్పు చూడాలి, ప్లగ్‌కు కరెంటు అందించే కాయిల్ వేడెక్కితే పనిచేయడం మానేస్తుంది ఒక్కోసారి. నిప్పు చూడ్డం మాత్రం మెకానిక్‌కు వదిలేయండి, లేదా కనీసం తెలిసిన మనిషి పక్కనుండగా చేయండి. ప్లగ్ విప్పిన రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి బయటికి చిమ్ముతుంది, దాని పక్కనే నిప్పు రవ్వలు పుట్టిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా. ప్లగ్‌ను ఇంజన్ బాడీకి ఆనించి, రంధ్రానికి దూరంగా పెట్టి చూడాలి. ఓవర్‌ఫ్లో అయిన వెంటనే అసలు చూడొద్దు.

స్కూటర్ సంగతికి వస్తున్నా. అది మొదటి రకం, బటన్ నొక్కితే నిశ్శబ్దం. కొత్త స్కూటర్లలో చాలావాటికి చప్పుడు లేకుండా స్టార్ట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది, పాత బళ్లలాగా టక్ టక్ అని కూడా అనదు, కాబట్టి నిశ్శబ్దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. లైట్ వెలగడం లేదు కాబట్టి బ్యాటరీ పోయింది అనుకోవద్దు, 2017 ఏప్రిల్ నుంచి వచ్చే బళ్లకు హెడ్‌లైట్ స్విచ్చే లేదు, చాలావాటిలో ఇంజన్ నడిస్తేనే అది వెలుగుతుంది. హారన్ కొట్టి చూడండి. గట్టిగా మోగితే బ్యాటరీ మీద నింద వేయకండి.

స్కూటర్ బ్రేకు పట్టుకుంటేనే స్టార్ట్ అవుతుంది, అది అందరికీ తెలుసు. ఆ పట్టుకున్న సంగతి బండికి చెప్పేది లివర్ దగ్గరున్న గోరంత స్విచ్, అది తెలిసినవాళ్లు తక్కువ. దుమ్ము చేరి అది పనిచేయకపోతే మీరు బ్రేకు విరిగేట్టు పట్టుకున్నా బండి దృష్టిలో పట్టుకోనట్టే. చూసే పద్ధతి ఏమిటంటే, బండి వెనకభాగం గోడకు దగ్గరగా పెట్టి, తాళం ఆన్ చేసి ఎడమ బ్రేకు నొక్కండి, గోడ మీద ఎర్ర వెలుగు పడాలి. పడకపోతే కుడి బ్రేకు నొక్కి చూడండి. కుడిదానికి వెలిగితే ఆ బ్రేకు పట్టుకుని స్టార్ట్ చేసుకుని పనికి పోవచ్చు, ఎడమ స్విచ్ మాత్రం ఆ వారంలోనే బాగు చేయించండి, ఎందుకంటే ఆమె ఎడమ బ్రేకు వేసినప్పుడల్లా వెనకొచ్చే వాళ్లకు లైటు కనబడటం లేదు. స్టార్టింగు కంటే నాకు ఇదే ఎక్కువ టెన్షన్.

రెండోది సైడ్ స్టాండ్. ఈ మధ్య వస్తున్న బళ్లలో చాలావాటికి స్టాండ్ దించి ఉంటే ఇంజన్ స్టార్ట్ కాదు, నడుస్తున్నదైనా ఆగిపోతుంది. స్టాండ్ పైకే ఉందండీ అంటారు, ఉంటుంది, కానీ దాని స్ప్రింగు దగ్గర బురద గట్టిపడి వేలెడంత కిందికి వేలాడుతున్నా స్విచ్‌కు అది దించినట్టే లెక్క. మీటర్ బోర్డు మీద స్టాండ్ బొమ్మ వెలుగుతోందేమో చూసి, కాలితో ఒకసారి దించి ఎత్తండి. అంతటితో పోయే రోగాలే ఎక్కువ. మిగిలింది తాళం తిప్పే తీరు, ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లలో, అంటే కార్బొరేటర్ లేకుండా పంపుతో పెట్రోల్ చిమ్మే వాటిలో, తాళం తిప్పగానే పసుపు ఇంజన్ బొమ్మ వెలిగి రెండు మూడు సెకన్లలో ఆరిపోతుంది, అది ఆరాక బటన్ నొక్కాలి, రేజ్ ఇవ్వకూడదు. గేర్లు లేని స్కూటర్ ఎట్లాగూ తోస్తే స్టార్ట్ కాదు, పైగా బ్యాటరీ పూర్తిగా చచ్చిపోతే ఈ బళ్లలో పెట్రోల్ పంపుకే కరెంటు కావాలి. ఇంట్లో ఎవరైనా తాళం ఆన్‌లో వదిలేసి పోతున్నారేమో అది కూడా కనుక్కోండి.

బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి, మీ కొత్తదానికి వైర్లు బిగించిన బోల్టులు వేళ్లతో కదిపి చూడండి. కొత్త బ్యాటరీ వేసిన బళ్లలో ఇది నిత్యం చూసే తంతు, స్క్రూడ్రైవర్‌తో సగం తిప్పి వదిలేస్తారు, గతుకుల రోడ్డు మీద నెల తిరిగేసరికి లూజు అవుతుంది. తెల్లగానో పచ్చగానో పొడి పట్టి ఉంటే వేడినీళ్లతో కడిగి ఆరబెట్టి బిగించండి. అసలు బ్యాటరీ బాగుందా లేదా అన్నది అంచనాతో చెప్పించుకోకండి, మీటర్ పెట్టి చూపించమనండి. పూర్తిగా ఛార్జింగ్ ఉన్నది 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, సెల్ఫ్ నొక్కినప్పుడు 9.5 కంటే కిందికి పడిపోతుంటే అప్పుడు మాట్లాడదాం. ఫ్యూజ్ కొట్టేసి ఉంటే పక్కనే స్పేర్ ఉంటుంది, అది వేయండి. దాని బదులు రాగి తీగ చుట్టే మహానుభావులున్నారు, ఆ తీగ వల్ల వైరింగు మొత్తం కాలితే పది రూపాయల ఫ్యూజుతో పోయేది వేలల్లోకి పోతుంది.

వాటర్ సర్వీసింగు చేయించిన మరుసటి రోజు స్టార్ట్ కాకపోతే ప్లగ్ క్యాప్ లాగి, లోపల పొడిగుడ్డతో తుడిచి మళ్లీ టక్కుమనేదాకా నొక్కండి. అక్టోబరు వానల్లో కూడా అదే. మీ 2012 బండి ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్ కోసం తయారైంది కాదు, ఇప్పుడు బంకుల్లో వచ్చేది అదే. భయపడాల్సిన పని లేదు గానీ, ట్యాప్ నుంచి కార్బొరేటర్‌కు వచ్చే రబ్బరు పైపు గట్టిపడి పగుళ్లు వచ్చిందేమో చూసి మార్పించుకోండి. ఆ పెట్రోల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఎక్కువ, ట్యాంక్ మూత చుట్టూ నిలిచిన వాననీళ్లు లోపలికి దిగితే అడుగున వేరే పొరగా చేరి మొదట కార్బొరేటర్‌లోకి వచ్చేది అదే. కార్బొరేటర్ కింద ఉండే స్క్రూ వదులు చేసి కొంచెం పెట్రోల్ గాజు సీసాలోకి పట్టించి వెలుతురులో పెడితే, రెండు పొరలుగా విడిపోయిందో లేదో కనబడుతుంది. చల్లారిన ఇంజన్ మీద చేయండి ఈ పని.

ఆ మెకానిక్ రెండొందల గురించి నాకు పెద్ద కోపం లేదు, షాపు తెరిచి కూర్చున్నాడు, పని చేశాడు. కానీ "ఏం చేశావన్నా?" అని మీరు అడగాల్సింది. అడిగితే చెప్పనివాడి దగ్గరికి రెండోసారి పోవద్దు. ఏ భాగం మార్చినా పాతది చేతికి ఇమ్మనండి. ఇకమీదట షాపుకు పోయినప్పుడు "స్టార్ట్ కాలేదు" అనకుండా, "సెల్ఫ్ తిరుగుతోంది, అందుకోవడం లేదు, పెట్రోల్ వాసన వస్తోంది, మూత తెరిస్తే ఏమీ మారలేదు" అని చెప్పి చూడండి, మీతో మాట్లాడే పద్ధతే మారుతుంది. కార్బొరేటర్ మార్చమన్నవాళ్లను కూడా, మార్చే ముందు విప్పి కడిగి, జెట్టులకు, అంటే లోపల పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలకు, గాలి కొట్టి చూడమనండి.

అమ్మకం సంగతి. ఆర్‌సీ తీసి తేదీ చూడండి, సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు, మీది 2012 అంటే 2027లో అయిపోతుంది. ఆ తర్వాత ఆర్‌టీఓ ఆఫీసులో బండి చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. ఇప్పుడు ఈ స్టార్టింగు ఇబ్బంది పెట్టుకుని అమ్మబోతే కొనేవాడు దాన్నే చూపించి ధర సగానికి కొస్తాడు. ముందు ఆ రెక్సిన్ కవర్ తీసేసి, చోక్ లేకుండా ఓ పది రోజులు నడిపి, ఫుల్ ట్యాంక్ కాకుండా కొంచెం తగ్గించి పోసుకుని ఘాట్ ఎక్కండి. అప్పటికీ ఆగితే మూత తెరిచినప్పుడు చప్పుడు వచ్చిందా లేదా, కిక్ బిగువుగా ఉందా లూజుగా ఉందా, ఈ రెండూ రాసి పంపండి, మిగతాది అప్పుడు చూద్దాం.